తూము తాళం ఎవరి చేతిలో?

సంపాదకులకు నమస్కారం.

పాలకొల్లులో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు నాది. అంతకు ముందు, 2003 నుంచి 2017 దాకా, క్షీరారామం గుడికి దగ్గర్లో నెట్ సెంటర్ నడిపాను. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, అప్పట్నుంచీ మా షాపుకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొత్త విండోస్, అంటే విండోస్ 11, ఎక్కించమనే అడుగుతున్నారు. ఎక్కిస్తున్నాను. ఆ కొత్త విండోస్‌లో తెర అడుగున పట్టీ మీద చిన్న సంచి బొమ్మ ఉంటుంది. అది స్టోరు, అంటే ప్రోగ్రాములూ ఆటలూ దొరికే మైక్రోసాఫ్ట్ వాళ్ళ సొంత దుకాణం. కొత్త విండోస్ రంగుల గురించీ, అందులోని ఏఐ సదుపాయాల గురించీ పత్రికల్లో చాలా చదివాను. ఆ సంచి గురించి మాత్రం ఎవరూ రాయగా చూడలేదు. దాని గురించే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట. నేను చెప్పబోయేది కంప్యూటర్ ఆటల గురించి. ఆట అనగానే మా వైపు పెద్దవాళ్ళకి పేకాటా, పందేలూ గుర్తొస్తాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేసింది, సంతోషం. నేను మాట్లాడేది వాటి గురించి కాదు. పిల్లలు కొనుక్కుని, నేర్చుకుని, కలిసి ఆడుకునే ఆటల గురించి.

మొన్న కార్తీక మాసంలో మొగల్తూరు వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. లాప్‌టాప్‌ని కొత్త తువ్వాలులో చుట్టి తెచ్చారు. పక్కన బీటెక్ మొదటి ఏడాది చదువుతున్న కూతురు.

"ఏవండీ, 38 వేలు పోసి కొన్నానండి. మా అమ్మాయి ఏది ఎక్కిద్దామన్నా ఎక్కట్లేదంటండి. మిషను పాడైపోయిందాండీ?"

తెరిచి చూశాను. "పాడవలేదండి. తాళం వేసి ఉంది" అన్నాను.

"మరి తాళంచెవి మనకివ్వలేదేంటండీ?"

ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ లాప్‌టాప్ ఎస్ మోడ్‌లో ఉంది. 2017లో విండోస్ 10 ఎస్ పేరుతో మొదలైన పద్ధతి ఇది. ఇందులో స్టోరులో ఉన్నవి తప్ప బయటివేవీ ఎక్కవు. ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవడానికి ఆ అమ్మాయి కాలేజీలో చెప్పిన సి కంపైలర్ ఎక్కలేదు. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ కూడా ఎక్కలేదు. "అంకుల్, హాస్టల్లో మా రూమ్ వాళ్ళందరూ కలిసి ఆడుకుంటారు. నాకొక్కదానికే రావట్లేదు" అంది, తండ్రికి వినబడకుండా. ఆ తాళం తీయడానికి డబ్బులేమీ కట్టక్కర్లేదు. ఒకసారి తీస్తే మళ్ళీ వేయడం మాత్రం కుదరదు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల పని సంగతి అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు. అట్టపెట్టె మీద రాసి ఉన్నా, ఆ రైతుకి అర్థమయ్యే భాషలో ఉండదు. ఆయన వారం రోజులు పాడైపోయిన వస్తువు కొన్నానని బాధపడుతూ తిరిగారు.

ఇది ఒక లాప్‌టాప్ కథ అయితే మీకు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నా పాతికేళ్ళ బతుకంతా తాళం లేని కంప్యూటర్ మీద నడిచింది. అదేమిటో చెబితేగానీ నా భయం మీకు అర్థం కాదు.

నెట్ సెంటర్ పెట్టినప్పుడు నా దగ్గర 8 మిషన్లుండేవి. పెంటియం 4, ఒక్కొక్కదానికి 256 ఎంబీ ర్యామ్. అన్నిటినీ కలుపుతూ ఒక హబ్, గోడ పొడుగునా నీలం రంగు వైర్లు. గంటకి 15 రూపాయలు. మెయిల్ చూసుకునేవాళ్ళూ, పరీక్షల రిజల్ట్స్ చూసుకునేవాళ్ళూ పగలు వచ్చేవారు. సాయంత్రం 5 దాటితే కుర్రాళ్ళే. కౌంటర్ స్ట్రైక్ 1.6 అనే తుపాకుల ఆట. నలుగురు ఇటు, నలుగురు అటు. కరెంటు పోతే యూపీఎస్ 20 నిమిషాలు ఆగేది. ఆ 20 నిమిషాల్లో ఆట తేల్చేయాలని వాళ్ళు పడే కంగారు చూసి రోడ్డున పోయేవాళ్ళు ఆగేవారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన అన్నదమ్ములు కనుమ నాడు కూడా షాపు తెరవమని మా ఇంటికొచ్చి పిలిచేవారు. ఆ రోజుల్లో నేను వాడిన సీడీల్లో చాలావరకు అసలువి కావు. అది తప్పే, ఒప్పుకుంటాను. డాలర్లలో ధర, దానికో క్రెడిట్ కార్డు... మా ఊళ్ళో ఎవరి దగ్గరుంది? తర్వాత 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టాక మా పిల్లలే పాకెట్ మనీ పోగేసుకుని కొనడం మొదలుపెట్టారు. అందుబాటులో పెడితే మనవాళ్ళు కొంటారు. కళ్ళారా చూశాను.

ఈ కౌంటర్ స్ట్రైక్ ఎలా పుట్టిందో మా కుర్రాళ్ళకి నేను పదేపదే చెప్పేవాణ్ణి. అది మొదట ఏ కంపెనీ ఆటా కాదు. మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు హాఫ్-లైఫ్ అనే ఆటకి 1999లో చేసిన మార్పు. ఏ దుకాణం గుమ్మం దగ్గరా సర్టిఫికెట్ కోసం నిలబడలేదు. తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, నచ్చినవాళ్ళు దించుకున్నారు. 2000లో హాఫ్-లైఫ్ తీసిన వాల్వ్ కంపెనీయే వాళ్ళని పిలిచి ఆ ఆటని తీసుకుంది. డోటా కూడా అంతే, వార్‌క్రాఫ్ట్ 3 మీద ఆడేవాళ్ళు అల్లుకున్నది. మన పల్లెల్లో అరుగుల మీద కూర్చుని ఫోన్లలో ఆడిన పబ్జీకి మూలం, బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ ఆయన ఆర్మా అనే ఆటకి చేసిన మార్పులే. కోట్లమంది ఆడిన ఈ మూడు ఆటలకీ మొదటి మెట్టు ఒకటే: కంప్యూటర్‌లో ఏం పెట్టాలో, ఏ ఫైలు మార్చాలో ఎవర్నీ అడగక్కర్లేకపోవడం.

అది పైదేశాల సంగతి అనుకోకండి. మా సెంటర్‌కి వచ్చే పాలిటెక్నిక్ కుర్రాడొకడు కౌంటర్ స్ట్రైక్‌లో మా వీధినే కట్టాడు. గాలిగోపురం, ఎదురుగా టీ బడ్డీ, పక్కన కాలవ గట్టు. గోపురం మీద బొమ్మలు చెక్కడం చేతకాక నున్నగా బూడిదరంగు మేడలా వచ్చింది. టీ బడ్డీ బోర్డుని మాత్రం అరువు తెచ్చిన కెమెరాతో ఫోటో తీసి ఆటలో అతికించాడు. ఆ బడ్డీ వెనక దాక్కుని కాల్చుకోవడం మా వాళ్ళకి ఎంత సంబరమో! ఆ ఫైలు సీడీల మీద నరసాపురం, భీమవరం సెంటర్ల దాకా పోయింది. వాడిప్పుడు హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నాడు. పండక్కి వచ్చినప్పుడు షాపులో కూర్చుని, "అన్నయ్యా, ఆ రోజు ఆ ఫోల్డరు తెరుచుకోకపోతే నేనేమయ్యేవాణ్ణో" అంటాడు.

ఇప్పుడు సంచి దగ్గరికి వస్తాను.

2012 అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చింది. సిస్టమ్‌తో పాటే యాప్ స్టోరు కలిసి వచ్చిన మొదటి విండోస్ అది. అదే రోజు వచ్చిన విండోస్ ఆర్‌టీ పలకల్లో (ట్యాబ్లెట్లలో) అయితే బయటి ప్రోగ్రాములు అసలే ఎక్కవు, స్టోరు ఒక్కటే దిక్కు. అప్పట్లో అమ్మిన దాంట్లో 30 శాతం స్టోరుది, అమ్మకాలు 25 వేల డాలర్లు దాటాక 20 శాతం. పైగా ఏ ఆట పెట్టొచ్చో ఏది పెట్టకూడదో కూడా వాళ్ళే చెప్పారు. ఐరోపా వయసు లెక్కలో 16 రేటింగుని మించిన ఆటలను మొదట స్టోరులోకి రానివ్వమన్నారు. గొడవ జరిగాక ఆ నియమం మార్చారు. అంతకు ముందే, ఆ ఏడాది జులైలో, వాల్వ్ అధిపతి గేబ్ న్యూవెల్ పీసీ రంగంలోని వాళ్ళందరికీ విండోస్ 8 పెద్ద విపత్తు అన్నారు. ఆయన 13 ఏళ్ళు మైక్రోసాఫ్ట్‌లోనే పనిచేసిన మనిషి. మైన్‌క్రాఫ్ట్ తయారుచేసిన మార్కస్ పెర్సన్ తన ఆటకి విండోస్ 8 సర్టిఫికెట్ తీసుకోనని సెప్టెంబర్‌లో చెప్పేశారు. రెండేళ్ళకి మైన్‌క్రాఫ్ట్ కంపెనీని మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకి కొనేసింది, అది వేరే సంగతి.

న్యూవెల్‌ది కూడా దుకాణమే కదా, స్టీమ్‌లో ఆయనా 30 శాతం తీసుకున్నాడు కదా అని మీరు అడగొచ్చు. నిజమే. ఆయన తన వ్యాపారం కోసమే మాట్లాడి ఉండొచ్చు. అయినా ఒక తేడా ఉంది. మా చెరువుల దగ్గర మేత అప్పుగా ఇచ్చిన డీలరే, రొయ్యలు పట్టిన రోజున సరుకు తనకే వేయాలంటాడు. మేత మంచిదే కావచ్చు. ఆ రోజు కట్టిన రేటు కూడా న్యాయమైనదే కావచ్చు. కానీ రైతుకి రేటు అడగడానికి ఇంకో గుమ్మం ఉండదు. స్టీమ్ నచ్చకపోతే ఇంకో దుకాణానికి వెళ్తాం, లేదా తయారుచేసినవాడి దగ్గరే నేరుగా కొంటాం. నేలే దుకాణదారుడిదైతే ఎక్కడికి వెళ్తాం?

2016లో ఆ నేల ఎలా ఉంటుందో కొంచెం రుచి చూశాం. ఏప్రిల్‌లో క్వాంటమ్ బ్రేక్ అనే పెద్ద ఆట పీసీల కోసం విండోస్ 10 స్టోరులోనే విడుదలైంది. ఆడేవాళ్ళకి మామూలుగా ఉండే సర్దుబాట్లు అందులో లేవు. బొమ్మల వేగాన్ని తెర వేగానికి కట్టేసే వీసింక్‌ని ఆపుకోవడానికి కూడా వీల్లేకుండా వచ్చింది, తర్వాత అప్‌డేట్‌తో సరిచేశారు. స్టోరు ఆటలు ఎక్కే ఫోల్డరులోకి కంప్యూటర్ యజమానికే అనుమతి ఉండేది కాదు. మా వీధిని ఆటలో కట్టిన కుర్రాడు అప్పుడు పుట్టి ఉంటే ఆ తలుపు దగ్గరే ఆగిపోయేవాడు. ఆ ఏడాది చివర వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీని స్టోరులో కొన్నవాళ్ళు, స్టీమ్‌లో కొన్నవాళ్ళతో కలిసి ఆడలేకపోయారు. ఆట ఒకటే, కంప్యూటర్ ఒకటే, కొన్న కొట్టు వేరైనందుకు స్నేహితులు విడిపోయారు. ఆటలు తయారుచేసే ఎపిక్ కంపెనీ అధిపతి టిమ్ స్వీనీ మార్చిలోనే గార్డియన్ పత్రికలో ఈ ధోరణి మీద గట్టిగా రాశారు. క్వాంటమ్ బ్రేక్ సెప్టెంబర్‌కల్లా స్టీమ్‌లోకి వచ్చింది.

ఆ తర్వాత చాలా మారింది, ఆ మాట కూడా చెప్పాలి. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఆటల్ని స్టీమ్‌లోనూ అమ్ముతానంది. మామూలు విండోస్ ఆటల్ని స్టోరులోకి రానిచ్చింది. 2021 ఆగస్టు నుంచి పీసీ ఆటల మీద తన వాటా 12 శాతానికి తగ్గించుకుంది. అటు వాల్వ్ ఊరుకోలేదు. విండోస్‌కి బదులు ఉచితంగా వాడుకోగలిగే లినక్స్ మీదికి 2013లో స్టీమ్‌ని తెచ్చింది, 2018లో విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ తెచ్చింది, 2022లో దాని మీదే నడిచే, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ అమ్మింది. కొత్త విండోస్‌కి సరిపడని పాత మిషన్లు నా షాపులో 2 ఉన్నాయి. పారేయకుండా వాటికి లినక్స్ ఎక్కించాను. పిల్లలొచ్చి కౌంటర్ స్ట్రైక్ ఆడుతున్నారు. వాలరంట్ అనే ఆట మాత్రం ఆడలేరు, దాని దొంగాట పట్టే ప్రోగ్రాము లినక్స్‌లో నడవదు.

"మరింకేం, భయపడ్డదేదీ జరగలేదుగా" అని మా అల్లుడు అంటాడు. అక్కడే అతనికీ నాకూ పేచీ.

మా నాన్నగారికి శివారు ఆయకట్టులో ఎకరంన్నర ఉండేది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచీ ఈ డెల్టా కాలవల మీదే బతుకుతోంది, అందులో శివారు రైతు అందరికంటే ఆఖరివాడు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, వంతులవారీగా నీళ్ళొదిలేవారు. మా వంతు రాత్రిపూట పడితే నాన్నగారు లాంతరూ దుప్పటీ పట్టుకుని తూము దగ్గరే పడుకునేవారు. తూము తెరిచి నీళ్ళొదిలే లస్కరు చెడ్డవాడు కాడు, మాకు దూరపు చుట్టం కూడా. "ఆయనుండగా మీరెందుకు నాన్నా" అని అడిగాను చిన్నప్పుడు. "నేనక్కడున్నానని ఆయనకి తెలియాలి కదరా" అన్నారు. మా చేను ఎండకపోవడానికి ఆ రాత్రుళ్ళు కూడా కారణం. 2012లోనూ 2016లోనూ తలుపులు మూసుకోకపోవడానికి, ఆడేవాళ్ళూ తయారుచేసేవాళ్ళూ కొనమని మొండికేయడమే కారణమని నా నమ్మకం.

ఇప్పుడు తూము దగ్గర పడుకునేవాళ్ళు తగ్గిపోతున్నారు. ఫోనుతో పెరిగిన పిల్లలకి స్టోరు బయట ఒక దారి ఉంటుందన్న ఊహే లేదు. మొన్న ఇంటర్ చదివే కుర్రాడొకడు, "బాబాయ్, స్టోరులో వెతికితే లేదు, ఆ ఆట బంద్ అయిపోయిందా?" అని అడిగాడు. తయారుచేసినవాళ్ళ సైటులోనే ఆ ఆట ఉచితంగా ఉంది. వాడి వయసులో నా సెంటర్ కుర్రాళ్ళు ఆట ఫోల్డర్లన్నీ తిరగేసేవాళ్ళు. వీడికి ఫోల్డరు అంటేనే కొత్త. తాళం వేయక్కర్లేదు, తలుపుందని మర్చిపోతే చాలు.

ఆటలకి నెలవారీ చందా కట్టే పద్ధతి కూడా అలాంటిదే. తక్కువ డబ్బుకి వందల ఆటలు, మా పిల్లలకి మేలే, కాదనను. చందా ఆపితే ఆట ఆగుతుంది. జాబితాలోంచి వాళ్ళు తీసేసినా ఆగుతుంది. కొన్నామనుకున్నవి కూడా మన దగ్గర ఉంటాయని లేదు. మైక్రోసాఫ్ట్ తన స్టోరులో పుస్తకాలు అమ్మడం 2019లో మానేసినప్పుడు, కొన్నవాళ్ళ దగ్గరున్న పుస్తకాలు కూడా తెరుచుకోవడం మానేశాయి. డబ్బులు వెనక్కిచ్చారు, మర్యాదగానే చేశారు. కానీ మా ఇంట్లో అల్మరా తెరిచి నా పుస్తకం తీసుకుని చేతిలో డబ్బు పెట్టి వెళ్తే నేను ఊరుకుంటానా?

స్టోరు వద్దని నేనడగడం లేదు. ఎందుకో చెబుతాను. ఒక రైస్ మిల్లు గుమాస్తాగారి కొడుకు ఎక్కడో దొరికిన దొంగ ఆటని తండ్రి పనిచేసే కంప్యూటర్‌లోనే ఎక్కించాడు. తెల్లారేసరికి మిల్లు లెక్కలన్నిటికీ తాళాలు పడిపోయాయి, డబ్బు కడితేనే తెరుస్తామని తెర మీద ఇంగ్లీషులో ఒక బెదిరింపు. 3 రోజులు కూర్చున్నాను, సగం లెక్కలు కూడా వెనక్కి రాలేదు. ఆ గుమాస్తాగారు మా షాపు బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్న తీరు నేను మర్చిపోలేను. ఆ పిల్లాడికి నమ్మకమైన దుకాణం ఒకటి ఉందని ఎవరైనా చెప్పి ఉంటే ఆ గొడవ ఉండేది కాదు. స్టోరు ఉండాలి. అదొక్కటే ఉండకూడదు.

మన దేశానికి ఈ విషయంలో చేతులు కట్టేసి లేవు. ఫోన్లలోని ప్లే స్టోరులో డబ్బు కట్టే పద్ధతి మీద, వ్యాపారాల్లో పోటీని కాపాడే కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అప్పీలులో ఆ మొత్తం తగ్గింది గానీ, స్టోరు యజమానిని ఢిల్లీలో కూర్చోబెట్టి ప్రశ్నించొచ్చని అందరికీ తెలిసింది. ఫోన్ల విషయంలో ఆలస్యంగా, తలుపులన్నీ మూసుకున్నాక మేలుకున్నాం. కంప్యూటర్ విషయంలో తలుపు ఇంకా తెరిచే ఉంది, ఇప్పుడే కన్నేసి ఉంచమని నా విన్నపం. అంతకంటే ముందు, చట్టం లేకుండానే అయ్యే పని ఒకటుంది. స్టోరు తప్ప ఇంకేదీ ఎక్కని లాప్‌టాప్ అమ్మేటప్పుడు ఆ మాట తెలుగులో, పెద్ద అక్షరాల్లో, డబ్బు కట్టకముందే చెప్పాలి. షాపులోనైనా, ఫోనులో ఆర్డర్ పెట్టేటప్పుడైనా. వందల మిషన్లు ఒకేసారి కొనే మన కాలేజీలు ఆ షరతు టెండరులోనే రాసుకోవచ్చు.

మీ పత్రికకి కూడా ఒక పని అప్పగిస్తున్నాను, ఏమనుకోకండి. ఆ రొయ్యల రైతులాంటి వాళ్ళు డెల్టాలో ఇంకెంతమంది ఉన్నారో! ఈ కింది నాలుగు ముక్కలు మీ సాంకేతిక పేజీలో ఒక మూల వేయండి.

విండోస్ 11లో సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లోకి వెళ్ళి, యాక్టివేషన్ నొక్కండి. అక్కడ ఎస్ మోడ్ అని కనబడితే మీ లాప్‌టాప్‌కి తాళం ఉన్నట్టు. దాని కిందే స్టోరుకి తీసుకెళ్ళే బొత్తం ఉంటుంది, తాళం తీసే పేజీ అందులో వస్తుంది. 'గెట్' అన్నది నొక్కితే చాలు. ఇంటర్నెట్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్ళాలి. పైసా కట్టక్కర్లేదు. ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి. చేతకాకపోతే పాలకొల్లు తీసుకురండి, ఆదివారం మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది.

ఇట్లు,
ఒకప్పటి నెట్ సెంటర్ యజమాని,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా